కోరంగి అభయారణ్యం

గౌతమీ గోదావరి బంగాళాఖాతంలో కలిసే చోట, కాకినాడకు దక్షిణాన ఉన్న రక్షిత మడ అడవి కోరంగి వన్యప్రాణి అభయారణ్యం. కోరింగ అని రాయడమూ వాడుకలో ఉంది. 1978 జూలైలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీన్ని అభయారణ్యంగా ప్రకటించింది. విస్తీర్ణం 235.70 చదరపు కిలోమీటర్లు. ఇదంతా చెట్లున్న నేల కాదు. నదీపాయలు, ఉప్పుటేళ్లు, బురదమేటలు, ఇసుకదిబ్బలు, కాకినాడ అఖాతంలో లోతు తక్కువ నీళ్లు కూడా ఈ లెక్కలోవే. బావురుపిల్లి, నీటికుక్క, శీతకాలంలో వలస వచ్చే ఒడ్డు పక్షులు, హోప్ ఐలాండ్ ఇసుకలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఇక్కడ పేరుపడిన జీవులు.

సుందరవనాల తర్వాత దేశంలో రెండో పెద్ద మడ అడవి ఇదేనని పర్యాటక ప్రచారాల్లో తరచూ కనిపిస్తుంది. భారత అటవీ సర్వే 2021 నివేదిక ఈ మాటను బలపరచదు. ఆ నివేదిక ప్రకారం మడ విస్తీర్ణం పశ్చిమ బెంగాల్‌లో 2,114, గుజరాత్‌లో 1,175, అండమాన్ నికోబార్‌లో 616, ఆంధ్రప్రదేశ్ మొత్తంలో 405 చదరపు కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్ వాటాలో గోదావరి మడతో పాటు కృష్ణా మడ కూడా ఉంది (చూ. కృష్ణా అభయారణ్యం). కోరంగి ప్రాముఖ్యం విస్తీర్ణంలో కంటే, పెద్ద నది, రేవు పట్టణం, వలస పక్షుల దారి ఒకే చోట కలవడంలో ఉంది.

నిర్వచనం

సముద్రపు పోటుకు మునుగుతూ పాటుకు బయటపడుతూ ఉండే ఉప్పుబురదలో పెరిగే చెట్ల, పొదల సమూహం మడ అడవి. ఈ చెట్లన్నీ ఒకే కుటుంబానికి చెందినవి కావు. దగ్గరి సంబంధం లేని అనేక వృక్ష కుటుంబాలు ఉప్పుకు, ఊపిరాడని బురదకు వేరువేరుగా అలవాటుపడి ఒక చోట చేరాయి. తెలుగు తీరంలో అవిసీనియా జాతి చెట్లను మడ అంటారు. ఇక్కడ అవే ఎక్కువ కనుక అడవి మొత్తానికి ఆ పేరే స్థిరపడింది.

ఉనికి, హద్దులు

అభయారణ్యం సుమారు 16°30′ - 17° ఉత్తర అక్షాంశాలు, 82°14′ - 82°23′ తూర్పు రేఖాంశాల నడుమ ఉంది. పూర్వపు తూర్పు గోదావరి జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం 2022 జిల్లాల పునర్వ్యవస్థీకరణ తర్వాత కాకినాడ, కోనసీమ జిల్లాల పరిధిలోకి వచ్చింది. కోరంగి ఊరు తాళ్లరేవు మండలంలో, కాకినాడ నుంచి యానాం వెళ్లే రోడ్డు మీద ఉంది. కోరంగి, కోరంగి ఎక్స్‌టెన్షన్, భైరవపాలెం రిజర్వు అడవులు కలిసి అభయారణ్యం అయ్యాయి. గోదావరి మడలో బలుసుతిప్ప, మట్లతిప్ప, కందికుప్ప వంటి మరికొన్ని రిజర్వు అడవులు దీని హద్దు బయట ఉన్నాయి. అందువల్ల గోదావరి మడ అడవి, కోరంగి అభయారణ్యం అనే రెండు పేర్లను ఒకే అర్థంలో వాడటం సరికాదు.

ఏర్పడిన తీరు

ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమి, వశిష్ఠ అనే రెండు పెద్ద పాయలుగా చీలుతుంది. తూర్పుకు సాగిన గౌతమి యానాం దగ్గర కోరంగి నదిని, ఇంకాస్త దిగువన గాడేరును ఉత్తరానికి విడుస్తుంది. ఈ రెండూ కాకినాడ అఖాతంలో కలుస్తాయి. అసలు పాయ భైరవపాలెం దగ్గర సముద్రం చేరుతుంది. మూడింటి నడుమ మేటవేసిన ఒండ్రు మీదనే కోరంగి మడ పెరిగింది.

నది తెచ్చిన ఇసుకను తీరం వెంబడి ఉత్తరంగా సాగే అలల ఉరవడి నెట్టుకుపోతుంది. ఆ ఇసుక గత రెండు శతాబ్దాల పైచిలుకు కాలంలో సన్నని కొడవలిలా పేరుకుని హోప్ ఐలాండ్ అయింది. దాని పొడవు 16 నుంచి 18 కిలోమీటర్లు. ఐలాండ్ అన్న పేరే ఉన్నా నిజానికిది సముద్రంలోకి పొడుచుకొచ్చిన ఇసుక తిన్నె. దీనికి తూర్పున తెరిచిన సముద్రం, పడమట నిలకడైన అఖాతం. అలల దెబ్బ లోపలికి తగలకపోవడం వల్ల అఖాతంలో సన్నని బురద కిందికి దిగుతుంది, మడ మొక్క దాని మీద నాటుకుంటుంది. కాకినాడ రేవు నిలవడానికీ, మడ అడవి పెరగడానికీ కారణం ఈ ఒక్క ఇసుక తిన్నే.

చరిత్ర

కోరంగి పేరు అడవి కంటే ముందు రేవుగా ప్రసిద్ధి. 18వ శతాబ్దిలో ఇక్కడ ఓడల నిర్మాణం, మరమ్మతు జోరుగా సాగాయి. తెలుగు కూలీలు, వర్తకులు బర్మాకు ఓడలెక్కింది ఎక్కువగా ఈ తీరం నుంచే. అందుకే రంగూన్‌లో తెలుగువారిని కోరంగీలు అన్నారు. మారిషస్ తెలుగువారికీ ఈ పేరే వచ్చింది (చూ. మారిషస్ తెలుగువారు).

రేవును దెబ్బతీసినవి పూడిక, తుఫాన్లు. 1789 డిసెంబరులో వచ్చిన ఉప్పెన మూడు పెద్ద కెరటాలుగా ఊరిని ముంచింది. కలకత్తాలో ఉండి తుఫాన్లను అధ్యయనం చేసిన హెన్రీ పిడింగ్టన్ దీన్ని వర్ణించాడు. సైక్లోన్ అనే పేరు పెట్టింది కూడా ఆయనే. 1839 నవంబరు 25 నాటి తుఫాను రెండోసారి కోరంగిని తుడిచిపెట్టింది. అందులో మూడు లక్షల మంది చనిపోయారన్న సంఖ్య అనేక జాబితాల్లో తిరుగుతోంది. ఆ కాలపు రేవు ఊరు, చుట్టుపక్కల పల్లెల జనసంఖ్యను బట్టి చూస్తే ఆ లెక్కను అలాగే తీసుకోవడం కష్టం. తర్వాత వాణిజ్యం కాకినాడకు మళ్లింది, కోరంగి చిన్న ఊరుగా మిగిలింది.

అభయారణ్యం ప్రకటనకు ముందు మడను ప్రధానంగా వంటచెరకు కోసం కొట్టేవారు. నరికిన చోట ఎండకు నేల ఆరి, కుంగి, పోటునీరు వచ్చి నిలిచిపోయేది. ఆ నీరు ఆవిరైతే ఉప్పు మిగిలి, కొత్త మొక్క మొలవని చవిటినేల ఏర్పడేది. ఇలా పాడైన నేలను బాగుచేసే పని 1990ల చివర్లో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీశాఖ, తీరగ్రామాల వారు కలిసి మొదలుపెట్టారు (చూ. రక్షణ, పునరుద్ధరణ).

చెట్లు

కోరంగిలో ఇరవైకి పైగా మడజాతుల చెట్లు, పొదలు ఉన్నాయి. అన్నిటికంటే ఎక్కువ కనిపించేవి మడచెట్లే: నల్లమడ అంటే అవిసీనియా అఫిసినాలిస్, తెల్లమడ అంటే అవిసీనియా మరీనా, విల్వమడ అంటే అవిసీనియా ఆల్బా. వాటితో పాటు తిల్ల, గుగ్గిలం, పొన్న జాతులు, సోనరేషియా పెరుగుతాయి. తిల్లచెట్టు పాలు కంట్లో పడితే చూపు దెబ్బతింటుందని మత్స్యకారులు దాని కొమ్మ విరవరు. దీని శాస్త్రీయ నామం ఎక్సికేరియా అగలోకా. పొన్న అన్న పేరుతో లోపలి ఊళ్లలో పెరిగే వేరే చెట్టు ఉంది. మడలోని పొన్న రైజోఫోరా జాతి, రెండింటికీ సంబంధం లేదు.

జాతులు కలగాపులగంగా పెరగవు. నీటి అంచున, రోజూ మునిగే బురదలో విల్వమడ, సోనరేషియా ముందు నాటుకుంటాయి. కాస్త ఎత్తున, నెలలో కొన్ని పెద్ద పోట్లకే తడిసే నేలలో తిల్ల, తెల్లమడ నిలుస్తాయి. ఇంకా లోపల చెట్టే ఉండదు. ఉప్పుకు తట్టుకునే ఇలకూర వంటి చిన్న మొక్కలు నేలను పరుచుకుని ఉంటాయి. ఒక అరచేతి ఎత్తు తేడాకే జాతి మారిపోవడం ఈ అడవి లక్షణం. కాలువల తవ్వకం, పూడిక, నేల కుంగడం వంటి చిన్న మార్పులకు కూడా మడ తట్టుకోలేకపోవడానికి కారణం ఇదే.

పని చేసే తీరు

మడచెట్టుకు ఇబ్బందులు మూడు: నీటిలో ఉప్పు, బురదలో ప్రాణవాయువు లేకపోవడం, నిలకడ లేని నేల.

ఉప్పు సంగతిలో చెట్లు రెండు దారులు పట్టాయి. పొన్నజాతి వేరు నీటిని పీల్చేటప్పుడే ఉప్పులో చాలా భాగాన్ని బయట ఆపేస్తుంది. మడ, గుగ్గిలం ఉప్పును లోపలికి రానిచ్చి, ఆకుల మీది గ్రంథుల ద్వారా బయటికి తోసేస్తాయి. ఎండపూట మడ ఆకును వేలితో తుడిస్తే తెల్లటి ఉప్పు పొడి అంటుతుంది.

బురద కింద వేరుకు గాలి అందదు. అందుకని మడచెట్టు చుట్టూ, దాని పక్కవేళ్ల నుంచి పెన్సిల్ లావు శ్వాసవేర్లు నిటారుగా నేలపైకి లేస్తాయి. పాటు సమయంలో ఇవి గాలి పీల్చి పోటు సమయానికి నిల్వ చేసుకుంటాయి. పెద్ద చెట్టు కింద ఇవి వేలల్లో ఉంటాయి. సందర్శకులు నేల మీద అడుగు పెట్టకుండా చెక్కబాట వేయడానికి ఇది ముఖ్య కారణం: వాటిని తొక్కితే చెట్టు ఊపిరిని తొక్కినట్టే. పొన్నజాతికి శ్వాసవేర్ల బదులు కాండం నుంచి విల్లులా వంగి బురదలో దిగే ఊతవేర్లుంటాయి. అవి చెట్టును నిలబెడతాయి, వాటి మీది రంధ్రాలు గాలినీ లోపలికి పంపుతాయి.

నీళ్లలో కొట్టుకుపోయే నేలలో విత్తనం మొలవడం కష్టం. పొన్న గింజ చెట్టును విడవకముందే మొలకెత్తి, పొడవాటి పచ్చని కాయలా వేలాడుతుంది. రాలిన ఆ మొలక బురదలో గుచ్చుకుంటుంది. లేదా నీటి మీద తేలుతూ పోయి ఇంకొక తీరంలో నిలదొక్కుకుంటుంది. మడగింజ కూడా చెట్టు మీదే మొలకెత్తుతుంది కానీ పైతొక్క లోపలే ఉండిపోతుంది. బయటికి కనపడదు.

రాలిన ఆకు బురదలో కుళ్లుతుంది. సూక్ష్మజీవులు, పీతలు దాన్ని తుంచి తునకలు చేస్తాయి. ఆ తునకలు రొయ్యపిల్లకు, చేపపిల్లకు తిండి. పండుగప్ప, టైగర్ రొయ్య, పచ్చపీత వంటివి బతుకులో ఒక దశ మడ కాలువల్లో గడుపుతాయి. వరదకాలంలో సముద్రం నుంచి గోదావరిలోకి ఎదురీదే పులస దాటిపోయేది కూడా ఈ మొగల (నదీముఖాల) గుండానే (చూ. పులస). చెట్ల వేళ్లు ఒండ్రును పట్టి ఆపుతాయి, అల వేగాన్ని తగ్గిస్తాయి. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుఫాను వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది. భైరవపాలెం, బలుసుతిప్ప వంటి మత్స్యకార గ్రామాలు బాగా దెబ్బతిన్నాయి. మడ ఉన్న చోట అల బలం తగ్గుతుంది. కానీ గట్టి ఉప్పెనను మడ పూర్తిగా ఆపుతుందనుకోవడం ప్రమాదం. తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు మడ వెనుక ఉన్న ఊరు కూడా ఖాళీ చేయవలసిందే.

వన్యప్రాణులు

ఇక్కడ పులి లేదు. సుందరవనాలను దృష్టిలో పెట్టుకుని వచ్చేవారు ముందుగా తెలుసుకోవలసిన సంగతి ఇది. కోరంగిలో ముఖ్యమైన వేటజంతువు బావురుపిల్లి. ఇంటి పిల్లికి రెట్టింపు పరిమాణం, బూడిదరంగు ఒంటి మీద నల్లమచ్చలు, కాలివేళ్ల నడుమ కొంత పొర ఉంటాయి. నీటి ఒడ్డున కాచి, దూకి చేపను పట్టుకుంటుంది. రాత్రి తిరిగే జంతువు కనుక పగటి సందర్శకుడికి కనిపించడం అరుదు. బురదమీద పాదముద్రలు మాత్రం కనిపించవచ్చు. 2018లో కెమెరా ట్రాప్‌లతో చేసిన గణన ప్రకారం అభయారణ్యంలో 115 బావురుపిల్లులున్నాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్ దీనికి అత్యున్నత రక్షణ ఇస్తుంది.

నీటికుక్కలు గుంపుగా వేటాడతాయి. పగలూ తిరుగుతాయి కనుక బావురుపిల్లి కంటే వీటిని చూసే అవకాశం ఎక్కువ. తలలు మాత్రం నీటి మీద తేలుతూ కాలువ దాటే గుంపు, ఆ తర్వాత ఒడ్డు మీద చేపపొలుసుల కుప్ప వీటి ఆనవాళ్లు. పీతలకోసం బురదలోకి దిగే నక్కలు కూడా ఉన్నాయి.

పక్షులను బట్టి కోరంగికి అంతర్జాతీయ గుర్తింపు ఉంది. ఇది ముఖ్యమైన పక్షి ప్రాంతాల జాబితాలో చేరింది. మధ్య ఆసియా వలసదారిలో సైబీరియా, టిబెట్ పీఠభూముల నుంచి వచ్చే ఒడ్డు పక్షులు అక్టోబరు నుంచి మార్చి దాకా కాకినాడ అఖాతపు బురదమేటల మీద మేస్తాయి. వాటిలో అంతరించే ప్రమాదంలో ఉన్న గ్రేట్ నాట్, పొడవాటి వంపు ముక్కున్న కర్లూ జాతులు ముఖ్యమైనవి. కింది ముక్కు పొడవుగా, పైముక్కు పొట్టిగా ఉండే ఇండియన్ స్కిమ్మర్ గుంపులు శీతకాలంలో కాకినాడ తీరాన కనిపిస్తాయి. ఇది నీటిని ముక్కుతో చీలుస్తూ ఎగిరి చేపలు పట్టే పక్షి, ప్రపంచమంతటా సంఖ్య తగ్గిపోతోంది. ఏడాది పొడవునా ఉండేవాటిలో కొంగలు, లకుముకి పిట్టలు, గరుడపక్షి సులువుగా గుర్తుపట్టవచ్చు.

బురదలో పైకి లేచి రెక్కలతో పాకుతూ గెంతే చేప కొత్తవారిని ఎక్కువగా ఆకట్టుకుంటుంది. కళ్లు తలపై ఉబ్బుగా ఉండే ఈ చేప నీళ్లు లేని పాటువేళ చర్మంతోనూ, నోటి లోపలి పొరతోనూ గాలి పీలుస్తుంది. ఒక డెక్క పెద్దదిగా ఉన్న ఫిడ్లర్ పీతల మగవి దాన్ని ఊపుతూ ఆడవాటిని పిలుస్తాయి. ఈ రెండింటికీ దూరదర్శిని అక్కరలేదు.

హోప్ ఐలాండ్ బయటి ఒడ్డున జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. ఒడిశా తీరంలోలా వేలసంఖ్యలో ఒక్కసారి వచ్చే గుంపు ఇక్కడ ఉండదు, విడివిడిగా వస్తాయి. మరబోట్ల వలల్లో చిక్కి చనిపోవడం, నక్కలూ కుక్కలూ గుడ్లు తవ్వడం వీటికి పెద్ద బెడద.

తీరప్రజలు

అభయారణ్యం చుట్టూ ఉన్న మత్స్యకార గ్రామాలు చేప, పీత, రొయ్య, గవ్వ, గుల్ల మీద బతుకుతున్నాయి. పట్టణం నుంచి వచ్చేవారికి ఇది చూసే అడవి, వీరికి పని చేసే చోటు. వన సంరక్షణ సమితులు నాట్లలో, కాపలాలో, పడవ నడిపే పనిలో పాలు పంచుకుంటున్నాయి. మత సంబంధమైన ప్రాముఖ్యమూ ఉంది. పుష్య మాసపు అమావాస్యను ఈ ప్రాంతంలో చొల్లంగి అమావాస్య అంటారు. ఆ రోజు తుల్యభాగ పాయ సముద్రంలో కలిసేదిగా చెప్పే చొల్లంగిలో స్నానం చేసి సప్తసాగర యాత్ర మొదలుపెడతారు (చూ. సప్త గోదావరులు).

రక్షణ, పునరుద్ధరణ

మడ అడవులకు చట్టపరమైన రక్షణ రెండు వైపుల నుంచి వస్తుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అభయారణ్యం ఉంది. తీరప్రాంత నియంత్రణ ప్రకటనలు మడను అత్యంత కఠిన నియంత్రణ ఉన్న మొదటి వర్గంలో చేర్చాయి. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సహాయంతో నడిచిన గోదావరి మొగల జీవవైవిధ్య పథకం నుంచి ఈగ్రీ ఫౌండేషన్ ఏర్పడింది.

పాడైన నేలను బాగుచేయడంలో కీలకమైంది నాటే మొక్క కాదు, నీరు. పోటునీరు వచ్చిపోయే దారి తెగిపోయింది కాబట్టే నేల చవుడైంది. అందుకని ఒక పెద్ద కాలువ, దాని రెండు పక్కలా ఏటవాలుగా చిన్న కాలువలు తవ్వుతారు. పైనుంచి చూస్తే చేపముల్లు ఆకారం. పోటు వచ్చినప్పుడల్లా నీరు లోపలికి వెళ్లి, పాటులో ఉప్పును కడిగి బయటికి తీసుకొస్తుంది. ఆ తర్వాత కాలువ గట్ల మీద మడమొక్కలు నాటుతారు. కాలువ పూడిపోకుండా చూసే పని ఏళ్లతరబడి సాగాలి. నాట్ల లెక్క చూపించి ఈ పనిని మరిచిన చోట మొక్క బతకదు.

ఒత్తిళ్లు ఇంకా ఉన్నాయి. 1990ల నుంచి రొయ్యల చెరువులు మడ అంచులకు వచ్చి చేరాయి. కాకినాడ తీరాన రేవు, ఎరువుల పరిశ్రమ, కృష్ణా–గోదావరి బేసిన్‌లో చమురు, వాయువు తవ్వకాలు ఉన్నాయి. 2020లో దుమ్ములపేట దగ్గర ఇళ్ల స్థలాల కోసం మడ నేల చదును చేయడంపై ఫిర్యాదు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. ఆ స్థలం అభయారణ్యం హద్దులో లేకపోయినా, ఒకే అఖాతం నీళ్లతో బతికే మడ అది. అన్నిటికంటే నెమ్మదిగా వస్తున్నది, కంటికి కనిపించనిది ఒండ్రు తగ్గడం. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఎగువన ఒకదాని తర్వాత ఒకటి కట్టిన జలాశయాలు ఒండ్రును పట్టి ఉంచుతున్నాయి. ఎండకాలంలో మంచినీరు మొగకు చేరడం తగ్గింది, ఉప్పు పెరుగుతోంది. అభయారణ్యం కాపలా ఎంత గట్టిగా ఉన్నా ఈ సమస్యను ఆపలేదు, దాని నిర్ణయం నదీజలాల పంపకంలో ఉంది.

సందర్శన

కాకినాడ నుంచి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, యానాం రోడ్డు మీద అభయారణ్యం పర్యాటక కేంద్రం ఉంది. రైలులో వచ్చేవారికి కాకినాడ టౌన్ స్టేషన్, విమానంలో వచ్చేవారికి రాజమహేంద్రవరం దగ్గర మధురపూడి విమానాశ్రయం అనుకూలం. కేంద్రంలో మడచెట్ల గుండా చెక్కబాట, పైనుంచి చూసే బురుజు, పడవ దిగే రేవు ఉన్నాయి. అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా వెళ్లడం మేలు. వలస పక్షులుంటాయి, ఉక్కపోత తగ్గుతుంది.

ఏ పూట వెళ్లాలన్నది గడియారం కంటే ఆటుపోట్లు తేలుస్తాయి. పోటులో పడవ లోపలి కాలువల్లోకి పోతుంది, చెట్ల ఆకులు అందేంత దగ్గరగా సాగుతుంది. అయితే అప్పుడు బురదమేటలు మునిగి ఉంటాయి, ఒడ్డు పక్షులు దూరంగా ఎగిరిపోతాయి. పాటులో మేటలు తేలి పక్షులు, పీతలు, గెంతే చేపలు బయటికొస్తాయి, కానీ పడవకు లోతు చాలదు. ఒకే పూట రెండూ చూడాలంటే పాటు దిగుతున్నప్పుడు చెక్కబాట మీద మొదలుపెట్టి, పోటు నిండే వేళకు పడవ ఎక్కాలి. పోటుపాట్లు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా జరుగుతాయి కనుక నిన్నటి వేళ ఇవాళ పనికిరాదు.

నెమ్మదిగా నడిచి చూసే చోటిది. మడలోని ప్రాణుల్లో ఎక్కువ చిన్నవి, నిశ్శబ్దంగా ఉండేవి. గోలగా ఉన్న గుంపుకు చెట్లు తప్ప ఏమీ కనిపించవు. ప్లాస్టిక్ సంచి కాలువలో పడితే శ్వాసవేర్లకు చుట్టుకుని ఉండిపోతుంది. హోప్ ఐలాండ్‌కు వెళ్లాలంటే కాకినాడ నుంచి పడవే దారి, అటవీశాఖ అనుమతి కావాలి. తాబేళ్లు గుడ్లు పెట్టే కాలంలో రాత్రి ఒడ్డున దీపాలు వెలిగిస్తే తల్లి తాబేలు వెనుదిరుగుతుంది, పిల్లలు దారి తప్పుతాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం అమలులో ఉంటుంది. తుఫాను హెచ్చరిక ఉన్న రోజుల్లో సందర్శకుల పడవలు నడవవు. బయలుదేరే ముందు ఆ రోజు ఆటుపోట్ల వేళలూ, వాతావరణ హెచ్చరికలూ తెలుసుకోండి.